థేలీస్ సూర్యగ్రహణాన్ని ముందే చెప్పాడన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

వేకువచుక్క:

గ్రీకు తత్త్వచింతనకు ఆద్యుడిగా పేరుపొందిన మిలేటస్ నగరవాసి థేలీస్ చుట్టూ అల్లుకున్న కథలలో సూర్యగ్రహణపు కథకు ఉన్నంత ప్రసిద్ధి మరి దేనికీ లేదు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన ప్రకారం, నేటి టర్కీ పడమటి భాగంలోని లిడియా రాజు అలియాటిస్‌కూ ఇరాన్ ప్రాంతపు మీడుల రాజు సయాక్సరీస్‌కూ మధ్య సాగుతున్న యుద్ధంలో ఆరో ఏట, పోరు నడుమ పగలు ఉన్నట్టుండి రాత్రిగా మారిపోయింది. ఇరుపక్షాలూ భయపడి ఆయుధాలు దించి, అలియాటిస్ కూతురు అర్యేనిస్‌ను సయాక్సరీస్ కొడుకు అస్తియాగిస్‌కు ఇచ్చి పెళ్లి చేసి సంధి కుదుర్చుకున్నాయి. ఇలా జరుగుతుందని థేలీస్ మిలేటస్ ఉన్న తీరప్రాంతమైన అయోనియా ప్రజలకు ముందే చెప్పాడని హెరొడోటస్ ఒక్క వాక్యంలో చేర్చాడు. నేటి గణనల ప్రకారం అది క్రీ.పూ. 585 మే 28 నాటి గ్రహణమని ఎక్కువమంది అంగీకరిస్తారు.

నేను ఈ మాటను నమ్ముతాను. హెరొడోటస్ ఆ ఘటనకు దాదాపు నూటయాభై ఏళ్ల తరువాత రాసినవాడు కనుక, ఆయన సాక్ష్యం ఒక్కటే అయితే నాకూ సందేహమే ఉండేది. అయితే గ్రహణాలను ముందుగా చెప్పినందుకు థేలీస్‌ను తత్త్వకవి జెనోఫనీస్ మెచ్చుకున్నాడని అరిస్టాటిల్ శిష్యుడు యుడెమస్ రాసినట్టు తత్త్వవేత్తల జీవితాలు రాసిన డయోజనీస్ లేర్షియస్ చెబుతున్నాడు. జెనోఫనీస్ అదే తీరంలోని కొలోఫన్‌లో పుట్టి, థేలీస్ తరువాతి తరంలో పెరిగినవాడు. దేవతల గురించి చెప్పిన మాటలకు హోమర్‌నూ హెసియడ్‌నూ సైతం తప్పుపట్టిన మనిషి ఊరికే ఒకరిని మెచ్చుకుంటాడని నేను అనుకోలేను.

గణితాభిమాని:

వేకువచుక్క గారూ, సాక్షులను తూచే ముందు ఆ పని అప్పటికి సాధ్యమేనా అని చూడాలి. థేలీస్ బాబిలోనియా వారి పద్ధెనిమిదేళ్ల ఆవృత్తిని వాడుకున్నాడని సాధారణంగా చెబుతారు. 223 చాంద్రమాసాలకు, అంటే 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలకు, అదే రకమైన గ్రహణం తిరిగి వస్తుందన్నది నిజమే. చిక్కంతా ఆ 8 గంటలలో ఉంది. ఆ వ్యవధిలో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కాబట్టి తరువాతి గ్రహణం సుమారు 120 డిగ్రీలు పడమరకు జరిగిపోతుంది. చంద్రగ్రహణాన్ని సగం భూగోళం నుంచి చూడవచ్చు కనుక దాని విషయంలో ఈ లెక్క బాగానే పనికొస్తుంది. సూర్యగ్రహణపు నిండు నీడ మాత్రం భూమి మీద సన్నని పట్టీలాగా మాత్రమే సాగుతుంది.

ఫలానా ఊళ్లో సూర్యగ్రహణం కనిపిస్తుందా లేదా అని చెప్పాలంటే, చూసేవాడు నిలబడిన చోటును బట్టి ఆకాశంలో చంద్రుడి స్థానం ఎంత జరిగినట్టు కనిపిస్తుందో లెక్కించాలి. మన సిద్ధాంత గ్రంథాలలో దీనినే లంబనం అంటారు. పంచాంగ గణితం తెలిసినవారికి ఈ సంస్కారం ఎంత శ్రమతో కూడినదో తెలుసు. గ్రీకులలో ఇందుకు పట్టికలు క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ గ్రంథంలో కనిపిస్తాయి. అంతకు ఏడువందల ఏళ్ల ముందు థేలీస్ చేతిలో అలాంటి సాధనం ఉన్న ఆనవాలు ఏదీ లేదు.

మరొక్క మాట. థేలీస్ దృష్టిలో భూమి నీటిపై కొయ్యదుంగలా తేలుతూ ఉంటుంది. ఆయన శిష్యుడని చెప్పే అనాక్సిమాండర్ మాటల్లో, సూర్యుడంటే నిప్పుతో నిండిన చక్రానికి ఉన్న ఒక రంధ్రం. అది మూసుకుపోతే గ్రహణం. చంద్రుడు అడ్డురావడమే గ్రహణానికి కారణమని గురువుకు తెలిసి ఉంటే శిష్యుడు ఈ దారి ఎందుకు పట్టాడు?

పాతమర్రి:

గణితాభిమాని గారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే వారు ఖండిస్తున్నది హెరొడోటస్ అసలు చెప్పని మాటను. థేలీస్ రోజునూ చెప్పలేదు, చోటునూ చెప్పలేదు. ఆ మార్పు ఏ సంవత్సరంలో జరిగిందో ఆ సంవత్సరాన్ని గడువుగా పెట్టాడని మాత్రమే హెరొడోటస్ రాశాడు.

క్రీ.పూ. 7వ శతాబ్దంలో అస్సీరియా రాజులకు వారి ఆస్థాన పండితులు రాసిన లేఖలు మట్టిపలకల మీద నేటికీ మిగిలి ఉన్నాయి. ఫలానా రోజుల్లో గ్రహణం రావచ్చు, కాపు కాయాలి అన్నది అందులోని తీరు. గ్రహణం కీడు తెస్తుందని తోచినప్పుడు కొద్దికాలం పాటు మరొకరిని సింహాసనం మీద కూర్చోబెట్టి, అసలు రాజును కాపాడుకునే ఆచారం కూడా వారికి ఉండేది. లిడియా రాజు గైజీస్ అదే శతాబ్దంలో అస్సీరియా రాజు అషూర్‌బనిపాల్ వద్దకు దూతలను పంపాడు. లిడియా రాజధాని సార్డిస్ నుంచి మిలేటస్ దూరమేమీ కాదు. ఈ ఏడు గ్రహణానికి అవకాశం ఉందన్న పాటి హెచ్చరిక ఆ దారిన థేలీస్ చెవికి చేరి ఉండవచ్చని, ఆయన దానిని తన వారికి చెప్పి ఉండవచ్చని అనుకోవడంలో అసంభవం ఏముంది?

గణితాభిమాని:

పాతమర్రి గారూ, మీరు కథను కాపాడబోయి అందులోని ప్రాణాన్నే తీసేశారు. భూమి మీద ఎక్కడో ఒకచోట ఏటా కనీసం రెండు సూర్యగ్రహణాలు వస్తాయి. ఒకే ఊళ్లో సంపూర్ణ గ్రహణం కనిపించడం సగటున మూడువందల డెబ్బై ఏళ్లకు పైబడి ఒకసారి జరిగే పని. ఇక చోటు చెప్పకుండా ఏడాది మాత్రమే చెబితే ఏం చెప్పినట్టు?

హెరొడోటస్ గ్రహణాల కథనంలో మరో లోపం కూడా ఉంది. పర్షియా రాజు జెర్క్సీజ్ గ్రీసు మీదికి దండెత్తి సార్డిస్ నుంచి బయలుదేరిన వసంతంలో సూర్యుడు మాయమయ్యాడని ఆయన రాశాడు. క్రీ.పూ. 480 వసంతంలో అక్కడ అలాంటి గ్రహణం ఏదీ లేదు. గొప్ప ఘటన పక్కన గ్రహణాన్ని నిలబెట్టడం ఆనాటి కథనాలకు అలవాటు. లిడియా సంధి కుదిర్చినవారిలో ఒకరిగా ఆయన బాబిలోన్ వాడైన లాబినేటస్ పేరు చెప్పాడు, కాని క్రీ.పూ. 585లో అక్కడ ఏలుతున్నది నెబుకద్నెజర్. హెరొడోటస్ సయాక్సరీస్ కాలమని చెప్పిన గ్రహణం అస్తియాగిస్ పాలనలో జరిగిందని రోమన్ రచయిత సిసెరో చెప్పడం కూడా గమనించండి.

ఆలివ్‌తోట:

ఈ మనిషి గురించి ఎవరికి ఏ కథ కావాలో ఆ కథ దొరుకుతుంది. నక్షత్రాలను చూస్తూ నడిచి బావిలో పడ్డాడని, థ్రేస్ దేశపు దాసి నవ్విందని ప్లేటో చెప్పాడు. ఆయన సంభాషణకు లోకం పట్టని తత్త్వవేత్త కావలసి వచ్చాడు. చలికాలంలోనే ఆలివ్ నూనె గానుగలన్నీ తక్కువ బాడుగకు మాట్లాడుకుని, పంట బాగా వచ్చినప్పుడు లాభం గడించాడని అరిస్టాటిల్ చెప్పాడు. అక్కడ లోకజ్ఞానం గల తత్త్వవేత్త కావాలి. పైగా జ్ఞాని కాబట్టి ఈ కథను ఆయనకు అంటగట్టారని అరిస్టాటిలే గుర్తించాడు.

అయినా వేకువచుక్క గారి పక్షాన ఒకటి చెప్పాలి. తరువాతి లిడియా రాజు క్రీసస్ సైన్యం దాటడానికి థేలీస్ హాలిస్ నదిని రెండు పాయలుగా మళ్లించాడన్న కథను, గ్రహణపు కథ తరువాతి అధ్యాయంలోనే హెరొడోటస్ చెప్పి, తాను నమ్మనని, అప్పటికే ఉన్న వంతెనల మీదుగా సైన్యం దాటిందని రాశాడు. థేలీస్ పేరు వినగానే అన్నీ తలకెత్తుకునే రచయిత కాదు ఆయన. గ్రహణం విషయంలో ఆ సందేహం ఎందుకు వ్యక్తం చేయలేదన్నది నన్ను ఆపుతున్న ప్రశ్న.

వేకువచుక్క:

లంబనం గురించిన వాదనకు నా దగ్గర జవాబు లేదు. థేలీస్ లెక్కించి చెప్పాడన్న మాటను ఈ రోజుతో వదులుకుంటున్నాను. జెనోఫనీస్ మెచ్చుకోలును మాత్రం వదలలేను. అది హెరొడోటస్ కన్నా పాతది. ఆ మెచ్చుకోలుకు ఏదో ఒక కారణం ఉండి తీరాలి కదా?

గణితాభిమాని:

ఉండాలి. కాని మనకు అందినది జెనోఫనీస్ పద్యం కాదు. ఆయన ఏదో అన్నాడని రెండు శతాబ్దాల తరువాత యుడెమస్ చెప్పగా, మరో అయిదారు వందల ఏళ్లకు డయోజనీస్ ఎత్తి రాసిన ముక్క అది. తన కాలపు జనం నోట విన్న మాటనే జెనోఫనీస్ పద్యంలో పెట్టాడేమో. అలాగైతే థేలీస్ పోయిన కొద్ది దశాబ్దాలకే ఆ కథ అయోనియా అంతటా పాకిపోయిందనడానికి ఆ మెచ్చుకోలు సాక్ష్యం అవుతుంది. గ్రహణాన్ని ఆయన ముందే చెప్పాడనడానికి సాక్ష్యం కాదు.