ఏడేళ్ళ పాపకు గ్రహాలు ఎట్లా పరిచయం చెయ్యాలి?

అలిపిరి అమ్మ:
మా పాప రెండో తరగతి. ఎనిమిది గ్రహాల పేర్లూ గడగడా అప్పజెప్తుంది. మొన్న మునిమాపున మిద్దె మీద శుక్రుణ్ణి చూపిస్తే, "అది చుక్క కదమ్మా, గ్రహం పుస్తకంలో కదా ఉండేది" అనింది. అప్పట్నుంచి ఒకటే బాధ. టెలిస్కోపు కొనేదా?

చంద్రగిరి మిద్దె:
ఇప్పుడే వద్దక్కా. మేము తొందరపడి చవకలో ఒకటి తెప్పించినాం. చిన్న గాలికే స్టాండు వణికేది. చంద్రుడు దొరికేలోపు మావాడు నిద్రపోయేవాడు. తర్వాత 10×50 బైనాక్యులర్ (పదింతలు పెద్దగా చూపేది, ముందు అద్దం 50 మిల్లీమీటర్ల వెడల్పు) తీసుకున్నాం. పిట్టగోడకు మోచేతులు ఆనించి గురుగ్రహాన్ని చూస్తే, పక్కనే ఒకే వరసలో సన్నటి చుక్కలు. వాడు నోటుబుక్కులో గీసుకున్నాడు. మర్నాడు చూస్తే అవి జాగా మారినాయి! 1610లో గెలీలియో చూసిన ఉపగ్రహాలు ఇవేనని అప్పుడు చెప్పినా. శని వలయాలకు మాత్రం టెలిస్కోపే కావాల.

చిత్తూరు టీచర్:
దూరాలు నడిస్తేనే తెలుస్తాయి. నల్లశనగ గింజ భూమి, ఆవగింజ చంద్రుడు. ఎంత దూరంలో పెట్టాలో పాపనే అడగండి. మా క్లాసులో అందరూ పక్కపక్కనే పెట్టినారు. అసలు దూరం 30 శనగ గింజలు వరసగా పేర్చినంత, జానెడు పైనే. ఈ లెక్కన సూర్యుడు మీటరు వెడల్పు. ముగ్గురు పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే అదే సూర్యుడు. శనగ గింజ పట్టుకున్న పిల్లవాడు గేటు దాటి చింతచెట్టు దాకా, 107 మీటర్లు నడిచినాడు. నెప్ట్యూన్ 3 కిలోమీటర్లు దాటి ఉంటుందంటే, "మా ఊరే అంత దూరం సార్" అనింది ఒక పాప.

కాళహస్తి నుంచి:
మా ఇంట్లో మొదలైంది గ్రహణంతో. 2019 డిసెంబర్ 26 పొద్దున అవ్వ పిల్లల్ని వాకిలి దాటనియ్యలేదు. నేను వసారా అంచున ఎండలోకి జల్లెడ పట్టినా. గచ్చు మీద ఒక్కో కంతకూ ఒక్కో నెలవంక! చివరికి అవ్వే పిల్లల్ని పిలిచి చూపించింది. గ్రహణానికి తిరుమల గుడి మూస్తారు, రాహుకేతు పూజలు జరిగే మా ఊరి గుడి తెరిచే ఉంటుంది. అందుకే ఇక్కడి పిల్లలు రాహుకేతువులు ఎవరని తప్పకుండా అడుగుతారు. రెండు గాజులు తీసుకుని, ఒకదాన్లో ఒకటి కొంచెం వాలుగా పెట్టండి. ఒకటి ఆకాశంలో సూర్యుడి దారి, ఇంకోటి చంద్రుడిది. వాలు 5 డిగ్రీలే. అవి కలిసే రెండు చోట్లే రాహువు, కేతువు. ఆ దగ్గర అమావాస్య పడితేనే సూర్యగ్రహణం. ఒక్క మాట: బైనాక్యులర్ పిల్లల చేతిలో ఉంటే పగలు సూర్యుడి వైపు తిప్పనియ్యొద్దు, కళ్ళు పోతాయి.

అలిపిరి అమ్మ:
ధ్రువనక్షత్రం ఎంత వెతికినా దొరకలేదే?

చంద్రగిరి మిద్దె:
తిరుపతికి అది ఉత్తరాన 13 డిగ్రీల పైచిలుకు ఎత్తులోనే ఉంటుందక్కా. చేయి చాచి చూస్తే ఒకటిన్నర పిడికిలి కూడా ఉండదు. మీకు కొండే అడ్డం. ఊరికి దక్షిణంగా బయలుకు పోండి. చలికాలమైతే పిల్లలకోడి చూపించండి, కృత్తికలు అవే. శ్రీహరికోట రాకెట్టు రోజు మిద్దె ఎక్కడం మరవొద్దు.

అలిపిరి అమ్మ:
పాప శనగ గింజనూ ఆవగింజనూ అట్టముక్క మీద అంటించింది. మధ్యలో అంత ఖాళీ ఎందుకని వాళ్ళ నాన్న అడిగితే, స్కేలు తెచ్చి కొలిచి చూపించింది. శనివారం బైనాక్యులర్ తెస్తున్నాం.