గర్భంతో ఉన్నప్పుడు స్కాన్లు: ఏది ఎప్పుడు, ఎందుకు, ఎక్కడ తప్పు పోతుంది

వారాల_లెక్క
మూడు రిపోర్టులు పక్కపక్కన పెడితే మూడు ప్రసవం తేదీలు కనిపిస్తాయి. మొదటి స్కాన్‌లో ఒకటి, టిఫాలో (బిడ్డ అవయవాలు చూసే స్కాన్) ఇంకొకటి, ఎనిమిదో నెల గ్రోత్ స్కాన్‌లో మరొకటి. "ఏది నమ్మాలి" అని ఇక్కడ వారానికోసారి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. స్కాన్ పని తెలిసినవాళ్లు ఈ చర్చలో అన్నీ ఒకచోట పెట్టండి. ధైర్యం చెప్పే మాటలు వద్దు. వారాలు, మిల్లీమీటర్లు, పొరపాట్లు రాయండి.

స్కాన్‌గది
తేదీతోనే మొదలుపెడతాను, మిగతా స్కాన్లన్నీ దాని మీదే నిలబడతాయి. మొదటి మూడు నెలల్లో పిండం పొడవును తల నుంచి పిరుదుల దాకా కొలుస్తారు. రిపోర్టులో సీఆర్‌ఎల్ అని ఉండేది అదే. ఆ దశలో పిండాలన్నీ దాదాపు ఒకే వేగంతో పెరుగుతాయి కాబట్టి వయసు చెప్పడానికి అంతకంటే నమ్మకమైన కొలత లేదు.

చాలామంది పాటించే లెక్క ఇది. 8 వారాల 6 రోజుల లోపు చేసిన స్కాన్‌కీ, చివరి నెలసరి లెక్కకీ 5 రోజులకు మించి తేడా ఉంటే స్కాన్ తేదీ తీసుకుంటారు. 9 వారాల నుంచి 13 వారాల 6 రోజుల దాకా అయితే తేడా 7 రోజులు దాటాలి. దాటకపోతే నెలసరి తేదీయే ఉంటుంది. ఐవీఎఫ్ అయితే ఎంబ్రియోను గర్భంలో పెట్టిన రోజే లెక్క.

అలా ఒకసారి ఖాయమైన తేదీని మళ్లీ కదపకూడదు. ఎనిమిదో నెలలో మిషన్ చూపించే తేదీకి అర్థం "సగటున బిడ్డలు ఈ సైజుకు ఎన్ని వారాలకు వస్తారు" అనే, అంతకు మించి లేదు. నిజంగా 34 వారాలున్న బిడ్డ 31 వారాల సైజులో ఉందనుకోండి. ప్రసవం తేదీని మూడు వారాలు ఆలస్యంగా మార్చేస్తే రిపోర్టు నార్మల్ అయిపోతుంది, ఎదుగుదల లోపం అక్కడే కప్పబడిపోతుంది. అందుకే ప్రతి స్కాన్‌కీ మొట్టమొదటి రిపోర్టు వెంట తీసుకెళ్లాలి. నా దృష్టిలో ఫైల్లో అన్నిటికంటే విలువైన కాగితం అదే.

లోపలి_స్కాన్
మొదటి స్కాన్ మరీ తొందరపడి చేయించుకోవడం వల్ల వచ్చే కంగారే ఎక్కువ. యోని ద్వారా చేసే టీవీఎస్‌లో కూడా గర్భసంచిలో పిండం పెరిగే సంచి 5 వారాల ప్రాంతంలో, లోపల యోక్ శాక్ (పిండానికి తొలి పోషణ ఇచ్చే చిన్న తిత్తి) అయిదున్నరకి, గుండె చప్పుడు 6 వారాలకి కనిపించడం మొదలవుతాయి. పొట్ట మీద నుంచి చేస్తే ఇవన్నీ ఇంకొన్ని రోజులు ఆలస్యం. అయిదో వారంలో వెళ్లి "గుండె లేదు" అని రాయించుకుని ఏడవడంలో అర్థం లేదు.

గర్భం నిలవలేదని చెప్పడానికి హద్దులు గట్టిగా ఉన్నాయి: పిండం 7 మి.మీ. లేదా ఎక్కువ ఉండీ గుండె కొట్టుకోకపోవడం, లేదా సంచి సగటు వ్యాసం 25 మి.మీ. చేరినా లోపల పిండం లేకపోవడం. అంతకంటే చిన్నగా ఉంటే ఒకటి రెండు వారాల తర్వాత మళ్లీ చూడాల్సిందే, ఆ రోజే తేల్చేయకూడదు. ఈ స్కాన్‌కి ఇంకో ముఖ్యమైన పని, సంచి గర్భసంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా అన్నది చూడటం. కడుపులో ఒక పక్క నొప్పి, బ్లీడింగ్ ఉంటే మాత్రం వారాలు నిండే దాకా ఆగొద్దు.

గుండె చప్పుడు వినిపించమని అప్పుడే అడగకండి. తొలి వారాల్లో ఎమ్-మోడ్ గీతతోనే (చప్పుడు లేకుండా గుండె కదలికను గీతగా చూపే పద్ధతి) కొలవాలి. చప్పుడు వినిపించే పల్స్ డాప్లర్ శక్తినంతా ఒకే చోట గుమ్మరిస్తుంది. స్కాన్‌లో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ లేదు, నిజమే. అయినా అవసరానికి మించి వాడకూడదన్నది నియమం.

తొమ్మిదోవారం
బ్లాడర్ నిండా నీళ్లతో రమ్మంటారు కదా, అన్ని స్కాన్లకీ అంతేనా?

జెల్_బాటిల్
అవును, ఎంత నిండితే అంత బాగా కనిపిస్తుంది. లీటరు తాగి వెళ్లండి.

లోపలి_స్కాన్
కాదండీ, ఇది సరిచేయాలి. తొలి వారాల్లో పొట్ట మీద నుంచి చేస్తేనే నిండిన బ్లాడర్ పనికొస్తుంది. అది పేగుల్ని పక్కకు నెట్టి కిటికీలా ఉంటుంది. టీవీఎస్‌కి పూర్తిగా ఖాళీ చేసుకోవాలి. టిఫా, గ్రోత్ స్కాన్లకి ఓ మోస్తరుగా ఉంటే చాలు. మరీ నిండితే గర్భసంచి కింది భాగాన్ని నొక్కేస్తుంది. దాంతో సెర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) ఉన్నదానికంటే పొడుగ్గా, మాయ ఉన్నదానికంటే కిందకి దిగినట్టు కనిపిస్తాయి. సగం "మాయ కిందకుంది" రిపోర్టులు బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక మారిపోతాయి అంటే కాస్త అతిశయోక్తే, కానీ పూర్తి అబద్ధం కాదు.

జెల్_బాటిల్
సరే, ఒప్పుకున్నా.

మెడ_వెనక
బిడ్డ మెడ వెనక ద్రవాన్ని కొలిచే ఎన్‌టీ స్కాన్ గురించి నేను రాస్తాను. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు, సీఆర్‌ఎల్ 45 నుంచి 84 మి.మీ. మధ్య ఉండాలి. ఆ గడువు దాటితే ఆ కొలతకి అర్థం లేదు.

కొలిచేది బిడ్డ మెడ వెనక చర్మం కింద నల్లగా కనిపించే ద్రవం మందాన్ని. చిన్న తేడాకే ఫలితం మారుతుంది కాబట్టి బొమ్మ ఎలా తీశారో చూడాలి. తల, ఛాతీ పైభాగం మాత్రమే స్క్రీన్ నిండా ఉండాలి. ముక్కు కొస కనపడే నడిమి కోత (బిడ్డను సరిగ్గా మధ్యలో నిలువునా చూపే బొమ్మ) కావాలి. తల వెనక్కి వాలితే కొలత సుమారు 0.6 మి.మీ. పెరుగుతుంది, గడ్డం ఛాతీకి ఆనితే 0.4 దాకా తగ్గుతుంది. కొలిచే గుర్తుల్ని రెండు తెల్లగీతల మీదే, లోపలి అంచుకు ఆనించి పెట్టాలి, నల్లటి ద్రవంలోకి దిగకూడదు. బిడ్డ వెనక ఉమ్మనీటి పొరని చర్మం అనుకుని కొలవడం మరో పొరపాటు. బిడ్డ కదిలే దాకా ఆగితే ఆ పొర విడిగా తేలిపోతుంది.

3.5 మి.మీ. లేదా ఎక్కువ ఉంటే పెరిగినట్టే. అప్పుడు క్రోమోజోముల పరీక్షతో పాటు గుండె స్కాన్ కూడా అడుగుతారు. ఎన్‌టీని ఒంటరిగా కాక, తల్లి వయసు, రక్తంలో రెండు హార్మోన్ పరీక్షలతో కలిపి చూస్తే డౌన్ సిండ్రోమ్ కేసుల్లో సుమారు 90 శాతం దొరుకుతాయి. అయినా ఇది వడపోత మాత్రమే. "హై రిస్క్" అంటే జబ్బు ఉందని కాదు. తేల్చేది 11 వారాల నుంచి మాయ ముక్క తీసే పరీక్ష, లేదా 15 వారాలు నిండాక ఉమ్మనీటి పరీక్ష.

కవలలైతే ఈ స్కాన్‌లోనే ఇంకో ప్రశ్న తేలాలి: మాయ ఒకటా, రెండా? కవలల మధ్య పొర మాయని కలిసేచోట మందంగా త్రికోణంలా ఉంటే రెండు, పల్చగా నిటారుగా ఉంటే ఒకటి. ఒకే మాయ అయితే 16 వారాల నుంచి రెండు వారాలకోసారి స్కాన్. తర్వాత నెలల్లో ఈ గుర్తు చెరిగిపోతుంది కాబట్టి ఇప్పుడే బొమ్మ తీసి రిపోర్టులో రాయించుకోండి.

స్కాన్‌గది
టిఫా 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. అవయవాలు చూడగలిగేంత పెద్దవి, ఎముకల నీడ ఇంకా అడ్డుపడనంత చిన్నవి. మెదడులో వెంట్రికల్ (ద్రవం ఉండే గది) వెడల్పు 10 మి.మీ. లోపు ఉండాలి. పై పెదవి, వెన్నెముక పొడవునా, పొట్టలో నీటిబుడగలా నల్లటి జీర్ణాశయం, రెండు కిడ్నీలు, బ్లాడర్‌కి రెండు పక్కలా బొడ్డుతాడు ధమనులు చూడాలి. గుండె దగ్గరే అసలు కష్టం. నాలుగు గదులు కనిపించాయని ఆపేస్తే చాలదు. బయటికి వెళ్లే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదానినొకటి అడ్డంగా దాటుతున్నాయా అన్నది కూడా చూడాలి. నాళాలు తారుమారైనా నాలుగు గదులు చక్కగానే కనిపిస్తాయి.

"బిడ్డ సరిగా లేదు, మళ్లీ రండి" అంటే బిడ్డలో లోపమని కాదు, పడుకున్న తీరు అనుకూలంగా లేదని. వీపు పైకి ఉంటే వెన్నెముక బాగా కనిపిస్తుంది, గుండె మీద నీడ పడుతుంది. కాస్త నడిచి, పక్కకు తిరిగి పడుకుని మళ్లీ చూస్తే చాలాసార్లు సరిపోతుంది. తల్లికి ముందునుంచే షుగర్ ఉన్నా, ఇంట్లో పుట్టుకతో గుండె జబ్బు ఉన్నా విడిగా ఫీటల్ ఎకో (బిడ్డ గుండెకి ప్రత్యేక స్కాన్) అడగండి.

మూడోకన్ను
4డీ చేయిస్తే ఇవన్నీ అందులోనే తెలిసిపోవా?

స్కాన్‌గది
తెలియవు. ముఖం బొమ్మకి 26 నుంచి 30 వారాలు బాగుంటుంది, బిడ్డ ముందు ఉమ్మనీరు ఉండాలి. అవయవాల పరీక్ష మామూలు 2డీలోనే.

గ్రోత్_చార్ట్
చివరి నెలల సంగతి. తల అడ్డం, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక కలిపి మిషన్ బరువు లెక్కగడుతుంది. 10 నుంచి 15 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 3 కిలోలని రాస్తే బిడ్డ 2.6 కూడా కావచ్చు, 3.4 కూడా కావచ్చు. ఎక్కువగా దెబ్బతినేది పొట్ట కొలత. ఆ కోతలో కిడ్నీలు కనిపిస్తున్నాయంటే కోత కిందకి జారిందని అర్థం, ప్రోబ్ (చేతిలో పట్టుకుని స్కాన్ చేసే పరికరం) నొక్కితే పొట్ట కోడిగుడ్డులా అవుతుంది. రెండు గ్రోత్ స్కాన్ల మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. వారానికోసారి చేస్తే పెరుగుదల కంటే కొలత తేడాయే ఎక్కువ.

ఉమ్మనీరు: నాలుగు మూలల లోతులు కలిపితే 5 నుంచి 24 సెం.మీ., లేదా ఒక్క లోతైన చోట 2 నుంచి 8. ఆ చోట బొడ్డుతాడు చుట్టలు ఉంటే లెక్కలోకి రాదు.

డాప్లర్ (రక్త ప్రవాహం చూసే స్కాన్) అందరికీ అక్కర్లేదు. బిడ్డ చిన్నగా ఉన్నా, తల్లికి బీపీ ఉన్నా అవసరం. బొడ్డుతాడు ధమనిలో బిడ్డ కదలనప్పుడు, ఊపిరి ఆడించనప్పుడు, నీటిలో తేలే చుట్ట మీద కొలవాలి. గుండె సడలే వేళ కూడా రక్తం మాయ వైపు సాగుతూ ఉండాలి. ఆగిపోతే ప్రమాద సూచన, వెనక్కి తిరిగితే ఇంకా తీవ్రం. ఆ రిపోర్టు పట్టుకుని ఇంటికి వెళ్లకూడదు, నేరుగా డాక్టర్ దగ్గరికే.

తొమ్మిదోవారం
టిఫాలో మాయ కిందకుంది అని వస్తే?

లోపలి_స్కాన్
మాయ అంచు సెర్విక్స్ లోపలి ద్వారానికి 20 మి.మీ. లోపు ఉంటేనే కిందకున్నట్టు. గర్భసంచి కింది భాగం సాగే కొద్దీ చాలామందిలో అది పైకి జరుగుతుంది. 32 వారాలకి మళ్లీ చూడాలి, అప్పుడూ అలాగే ఉంటే 36కి. మాయ వెనక గోడకి ఉంటే బిడ్డ తల నీడలో అంచు దాగిపోతుంది కాబట్టి టీవీఎస్ తప్పదు. దానివల్ల బ్లీడింగ్ అవుతుందని భయపడతారు గానీ ప్రోబ్ సెర్విక్స్‌లోకి వెళ్లదు. వెళ్లే ముందు బ్లాడర్ ఖాళీ చేసుకోండి, రిపోర్టులో ఎన్ని మి.మీ. దూరమో అంకె రాయమని అడగండి. ఉత్తినే "లో లైయింగ్" అని ఉంటే తర్వాతి స్కాన్‌తో పోల్చడానికి ఏమీ ఉండదు.