వంశవృక్షాల లైబ్రరీలో జాగా లేదు, ఏవి తీసేయాలి?

అందరికీ నమస్తే. నల్లగొండలో మేం కొందరం జీతాలు లేకుండా ఒక చిన్న లైబ్రరీ నడుపుతున్నాం. ఇంటిపేర్లు, గోత్రాలు, ఊళ్ల చరిత్రలు, ఇళ్లలో చేత్తో రాసుకున్న వంశవృక్షాల నోటుబుక్కులు, ఇవే మా దగ్గరుండేవి. ఉన్నది ఒకటే గది, అల్మారాలన్నీ నిండి పుస్తకాల మీద పుస్తకాలు అడ్డంగా పెడుతున్నాం.

జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కులే ఎక్కువ జాగా తింటున్నాయి. అవి సెన్సస్ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా దొరుకుతాయి కాబట్టి తీసేద్దామని నేనంటే, మాతో పనిచేసే పెద్దాయన ఒప్పుకోవట్లేదు, నెట్ వాడని ముసలోళ్లు వచ్చి అడిగితే ఏం చూపిస్తామంటారు, అదీ నిజమే. 1954-55 ఖాస్రా పహాణీ (అప్పటి భూముల రికార్డు) జిరాక్సులు మాత్రం ఎవరు చెప్పినా తీయను. పట్టాదారు పేరు, సాగులో ఉన్న మనిషి పేరు వాటిల్లో ఒకే వరుసలో కనబడతాయి.

నోటుబుక్కులతో ఇంకో టెన్షన్. కుట్లు ఊడినవి నిలబెడితే వంగిపోతున్నాయి, పడుకోబెడితే అడుగునున్నది తీయడానికి పైవన్నీ దించాలి. అట్టపెట్టెల్లో పెట్టొచ్చా, చెదలు పడతాయా?

పైగా 2016లో మన జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది కదా, పాత తాలూకాల ప్రకారం సర్దాలా, కొత్త మండలాల ప్రకారమా? వచ్చేవాళ్లు ఎక్కువగా తాతల నాటి తాలూకా పేరే చెప్తారు. ఇలాంటి లైబ్రరీ నడిపినవాళ్లుంటే, మీరు ముందు ఏవి తీశారో కాస్త చెప్పండి.