క్రిస్మస్‌కి ఫ్రైడ్ చికెన్: దీన్ని సంప్రదాయం అనొచ్చా?

పొయ్యిగట్టు
జపాన్‌లో క్రిస్మస్ అంటే కేఎఫ్‌సీ (కెంటకీ ఫ్రైడ్ చికెన్) బకెట్. అక్కడ క్రైస్తవులు నూటికి ఒకరు, ఆ రోజు సెలవు కూడా లేదు. 1974లో కంపెనీ 'క్రిస్మస్‌కి కెంటకీ' అంటూ ప్రచారం ఎత్తుకుంది. ఇప్పుడు జనం వారాల ముందే ఆర్డర్ ఇచ్చి, 24న క్యూలో నిలబడి మరీ తెచ్చుకుంటున్నారు. దీన్ని 'జపాన్ క్రిస్మస్ సంప్రదాయ వంటకం' అని రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రకటన బాగా పారింది, అంతే. సంప్రదాయం అమ్మమ్మల చేతుల్లోంచి రావాలి గానీ మార్కెటింగ్ వాళ్ల గదిలోంచి వస్తుందా?

అడ్డప్రశ్న
అమ్మమ్మల లెక్కే తీసుకుందామండీ. 1974లో పదేళ్ల పిల్ల ఈపాటికి అమ్మమ్మ అయిపోయుంటుంది.

వ్యాపారం తగలని పండగ తిండి ఏదో ఒక్కటి చూపించండి. ఇటలీ పనెటోనె తీసుకోండి. మొదట్లో అది పొట్టిగా, గట్టిగా ఉండే రొట్టె. గుమ్మటంలా పైకి లేచే ఇప్పటి రూపం 1919లో మిలాన్‌లో బేకరీ పెట్టిన ఆంజెలో మొట్టా పుణ్యమే. ఇంగ్లండ్ బల్ల మీది సీమకోడి (టర్కీ కోడి) అమెరికా నుంచి వచ్చింది. పోలండ్‌లో క్రిస్మస్ ముందురాత్రి తినే కార్ప్ చేప కథ ఇంకా తమాషా. అది పాతదే. కానీ ఇంటింటికీ చేరింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, కమ్యూనిస్టు ప్రభుత్వం చెరువుల్లో పెంచి పంచాకే. బతికున్న చేపను తెచ్చి రెండు మూడు రోజులు బాత్‌టబ్‌లో ఉంచేవాళ్లు. పిల్లలు దానికి పేరు పెట్టుకునేవాళ్లు, తర్వాత ఏడ్చేవాళ్లు. ప్రభుత్వం పెట్టిన చేప సంప్రదాయం అయినప్పుడు కంపెనీ పెట్టిన కోడి ఎందుకు కాదు?

పొయ్యిగట్టు
చేప ప్రభుత్వానిదే, కానీ బల్ల వాళ్లదే కదా. ఆకాశంలో తొలి చుక్క కనబడేదాకా ఆగడం, ఓప్వాతెక్ అనే పల్చటి అప్పాన్ని ఒకరి చేతిలోది ఒకరు తుంచుకుని శుభాకాంక్షలు చెప్పుకోవడం, పన్నెండు రకాలు వండడం, అనుకోని అతిథి కోసం ఒక కంచం ఖాళీగా ఉంచడం, ఇవన్నీ ప్రభుత్వం కార్ప్ పంచకముందే ఉన్నాయి. జపాన్‌లో బల్ల కూడా కంపెనీదే. నా బాధ అదీ.

ఒంటిపూట
ఇద్దరూ తినడం గురించే మాట్లాడుతున్నారు. తినకపోవడం సంగతి ఎవరూ ఎత్తరేం?

ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు 43 రోజులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. జనవరి 7న గెన్నా పండగ, అంటే వాళ్ల క్రిస్మస్. ఆ రోజు దోరొ వొట్, అంటే కోడి కూర. ఉల్లిపాయల్ని ముందు నూనె లేకుండా, సన్నని మంట మీద గుజ్జయ్యేదాకా గంటల తరబడి మగ్గబెడతారు. ఆ తర్వాత మసాలా వెన్న, ఎర్రటి బెర్బెరె కారం, కోడి ముక్కలు, చివర్లో ఉడికించిన గుడ్లు. కింద ఇంజెరా అనే పుల్లటి అట్టు పరిచి అందరూ ఒకే పళ్లెంలో తింటారు. 43 రోజుల తర్వాత నోట్లో పడే ఆ మొదటి ముక్క కోడి కాదండీ, పండగే!

పోలండ్‌లో ఆ రాత్రి మాంసం ఉండకపోవడం, ఇటలీలో చేపలు తినడం, అన్నీ ఉపవాసం లెక్కలే. జర్మనీలో డ్రెస్డెన్ ఊరి క్రిస్మస్ రొట్టె స్టొలెన్ కూడా అంతే. క్రిస్మస్ ముందు వారాల్లో వెన్న నిషేధం కాబట్టి ఆ రొట్టె చప్పగా, ఎండినట్టు ఉండేది. 1491లో పోప్ ఇన్నొసెంట్ 8 వెన్న వాడుకోవచ్చని అనుమతి ఇచ్చాడు. (వెన్న కోసం పోప్ దాకా వెళ్లారు, చూశారా!) నా లెక్కలో నోరు కట్టుకోవడం ఉంటేనే విందు. లేకపోతే అది మామూలు భోజనం.

అడ్డప్రశ్న
ఆ లెక్కన ఇవాళ యూరప్‌లో సగం మందికి పండగే లేదు. ఫిలిప్పీన్స్ చూడండి. డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారకముందే పూజకి వెళ్తారు. కట్టుకునేది నోరు కాదు, నిద్ర. బయటికి రాగానే బిబింకా సిద్ధం. అరటాకు పరిచి, పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చిన బియ్యప్పిండి రొట్టె. పక్కనే వెదురు గొట్టాల్లో ఆవిరికి ఉడికించిన ఊదారంగు పుటో బుంబోంగ్. అమ్మేవాళ్లు చర్చి గుమ్మం దగ్గరే కాచుకుని ఉంటారు. అది వ్యాపారం కాదా?

పాత అద్దెఇల్లు
నేను జపాన్‌లో ఐదేళ్లు ఉద్యోగం చేశాను. ఒక మాట చెప్తాను. నాకు తెలిసినవాళ్లెవరూ ఆ బకెట్‌ని సంప్రదాయం అనలేదు. వాళ్ల అసలు పండగ జనవరి 1. లక్క పెట్టెల్లో అరలు అరలుగా పేర్చే ఒసేచీ వంటల్లో ప్రతిదానికీ ఒక అర్థం ఉంటుంది, హెర్రింగ్ చేప గుడ్లు సంతానం కోసం అన్నట్టు. తమాషా ఏమిటంటే ఆ ఒసేచీని కూడా ఇప్పుడు చాలామంది షాపుల్లోనే ఆర్డర్ ఇచ్చేస్తున్నారు!

ఒక ఏడాది 24న సహోద్యోగి ఇంటికి పిలిచాడు. చికెన్, స్ట్రాబెర్రీలు పెట్టిన క్రీమ్ కేక్. వాళ్ల ఏడేళ్ల పాప ఎవరికి ఏ ముక్కో ముందే కాగితం మీద బొమ్మలు వేసి గోడకి అంటించింది. పోయిన ఏడాది కాగితం కూడా పక్కనే ఉంది. వాళ్ల నాన్నకి రెండేళ్లూ మెడ ముక్కే.

పొయ్యిగట్టు
ప్రకటన ప్రకటనే, ఆ మాట వెనక్కి తీసుకోను. బల్ల కంపెనీది అన్నది మాత్రం తీసేస్తున్నాను. మూడో ఏడాది ఆయనకి కాలు ముక్క దొరికిందా?