పులసలో విషం ఉందంటూ తిరుగుతున్న కాగితం: నమ్మాలా, వద్దా?

గట్టుమీద
ఎర్రనీరు దిగింది, పులస వచ్చింది. దాంతోపాటే ఫోన్లలో ఒక పరీక్ష కాగితం కూడా తిరుగుతోంది. గోదావరి గౌతమి పాయలో పట్టిన పులసలో సీసం, కాడ్మియం హద్దు దాటాయని అందులో ఉంది. ఎన్ని చేపలు కోశారో, ఏ భాగం తీశారో మాత్రం లేదు. తినొచ్చా, మానుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పులుసుదాక
తల, మొప్పలు తీసేస్తే సరిపోదాండీ?

నమూనాబల్ల
ఆ కాగితం నేనూ చూశాను. అంకె పక్కన తడి బరువా, ఎండు బరువా అని రాయలేదు. నా అభ్యంతరమంతా అక్కడే. లోహాల పరీక్షకి కండను ఎండబెట్టి, పొడి చేసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తారు. చాలాచోట్ల ఆ పొడి లెక్కలోనే అంకె ఇస్తారు. హద్దులు మాత్రం పచ్చి కండకి పెట్టినవి. చేపలో సీసానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) హద్దు కిలోకు 0.3 మిల్లీగ్రాములు. పులస కండలో దాదాపు మూడింట రెండొంతులు నీరే. పొడిలో 0.75 వచ్చిందనుకోండి, పచ్చి కండలో అది 0.25 అవుతుంది. హద్దు లోపలే ఉన్న చేపని రెండున్నర రెట్లు దాటిందని చాటినట్టు.

ఇక ఏ భాగం తీశారన్నది. కాడ్మియం కాలేయంలో, మూత్రపిండాల్లో చేరుతుంది. సీసం ఎముకల్లో ఎక్కువ. వరదలో పట్టిన చేప మొప్పల్లో ఒండ్రు ఇరుక్కుని ఉంటుంది, దాంతో సహా కరిగిస్తే అంకె పైకి పోతుంది. వల అడుగు తాడుకి కట్టే గుళ్లు సీసపువి, చేప వాటికి రాసుకున్నా తోలుకి అంటుతుంది. అందుకే తోలు ఒలిచేసి, వెన్ను రెక్క ముందు నుంచి, వెన్ను వైపు కండ తీయాలి. సిరామిక్ కత్తి, ఆమ్లంతో కడిగిన డబ్బా వాడాలి. ఒకే సైజువి కనీసం అయిదు చేపలు ఉండాలి. వాటితోపాటు చేప ముక్క లేకుండా ఆమ్లం మాత్రమే ఉన్న ఖాళీ నమూనా ఒకటి నడపాలి. ఇవేవీ లేని కాగితం మీద నేనేమీ చెప్పలేను.

వలతాడు
అదీ మాట. కాగితం వచ్చిన మర్నాటి నుంచి రేవులో బేరగాళ్లు దాన్నే చూపించి ధర కోస్తున్నారు. వరద ఉన్న రెండు నెలలే ఈ చేప. ఆ రెండు నెలలూ పోతే ఏడాది పోయినట్టే.

మడగాలి
నమూనాబల్ల గారూ, తడి, ఎండు దగ్గరే ఆగిపోయారు. కాగితంలో లోహాలు మాత్రమే చూశారు. పులస నూనె చేప. డీడీటీ, ఎండోసల్ఫాన్ లాంటి పురుగు మందులు కొవ్వులో చేరతాయి. పొలాల్లో డీడీటీ 1989లో ఆపారు, ఎండోసల్ఫాన్ 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. కానీ అవి ఒండ్రులో ఏళ్లతరబడి కూర్చుంటాయి. ఏటికి ఎదురెక్కేటప్పుడు పులస మేత దాదాపు మానేసి తన కొవ్వే కరిగించుకుంటుంది. ఆ కొవ్వులో ఉన్నది జనలోకి, అంటే కడుపులోని గుడ్లలోకి పోతుంది. మనవాళ్లు ఎగబడి కొనేది జన పులసనే.

నమూనాబల్ల
కొవ్వు మాట నిజమే. దానికి పరీక్ష వేరు. ప్లాస్టిక్ సంచి పనికిరాదు, రేకులో చుట్టాలి లేదా గాజు సీసాలో పెట్టాలి. తోలుతో పొట్టభాగం తీసి, మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి. ఈ కాగితంలో ఆ పరీక్షే జరగలేదు. జరగని పరీక్షని సాక్ష్యంగా తెస్తే ఎలాగండీ? నా ప్రశ్న అలాగే ఉంది: తడి బరువా, ఎండు బరువా?

పులుసుదాక
వండితే పోతుందా?

నమూనాబల్ల
లోహాలు పోవు. కొవ్వులో ఉన్నవి నిప్పుల మీద కాలిస్తే నూనెతో కొంత కారిపోతాయి. పులుసులో ఆ నూనె దాకలోనే ఉంటుంది, మర్నాడు పైన తేలేది అదే. పాదరసానికి మాత్రం పులస గురించి బెంగ తక్కువ. నీటిలోని సన్న నాచు, సూక్ష్మజీవులు దీని మేత. చేపల్ని తినే సొర, తూర, వంజరంలో పేరుకున్నంత దీంట్లో పేరుకోదు.

వలతాడు
మడగాలి గారిని ఒకటి అడుగుతాను. పెద్దయ్యాక పులస బతుకంతా సముద్రంలో. గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చి ఉండేది కొన్ని వారాలు. దాని కండలో ఉన్నది ఎక్కడ ఎక్కిందో ఎలా చెప్తారు? పైగా వరద ముదిరితే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు, మొదటి హెచ్చరిక. పది లక్షల క్యూసెక్కులు దిగుతుంటాయి. ఏ మురుగు కాలువ నీరైనా అందులో ఎంత? ఏడాదిలో నది కాస్త శుభ్రంగా ఉండే రోజుల్లో పట్టిన చేపని పట్టుకుని గోదావరి విషం అంటున్నారు.

మడగాలి
అయితే ఏమీ లేదంటారా? మురుగు కాలువలు నల్లగా, నురగతో పాయలో కలవడం మీ కళ్లకి కనపడట్లేదా? ధర పడిపోతుందని నోరు మూసుకోమంటే ఎలా?

వలతాడు
నోరు మూసుకోమనలేదు. కాలువలో మందు వదిలేవాడి పేరు ఆ కాగితంలో ఎక్కడుంది? మా చేప పేరే ఉంది. వాడికి పైసా నష్టం లేదు. మీకు కనపడేది పులస తినేవాళ్ల నోరే!

లంకపొలం
మెల్లగా మాట్లాడుకోండి.

మడగాలి
సరే, ఉన్నమాట చెప్తాను. తినేవాళ్ల గురించి నాకు అంత బెంగ లేదు. ఏడాదికి ఒకటో రెండో చేపలు తినేవాడికి ఏమవుతుంది? నా బెంగ చేప పిల్లల మీద. వరదలో పెట్టిన గుడ్లు చిట్లి, పిల్లలు అయిదారు నెలలు ఆనకట్ట కింద పాయల్లోనే పెరిగి సముద్రానికి దిగుతాయి. అవి దిగే నాటికి ఆనకట్ట నుంచి వచ్చే నీరు పలచబడుతుంది. అప్పుడు పాయలో మురుగు కాలువల వాటా ఎక్కువ. అదే సమయానికి డిసెంబరు, జనవరిలో దాళ్వా (రెండో పంట) వరి నాట్లు. నాటిన మూడు నుంచి అయిదు రోజుల్లో బ్యుటాక్లోర్ అనే కలుపు మందు చల్లుతారు, అది చేపకి బాగా విషం. సైపర్‌మెత్రిన్ అనే పురుగు మందు అయితే లీటరు నీటిలో మైక్రోగ్రాముల్లోనే పిల్లని చంపుతుంది. చచ్చిన పిల్ల వలకి రాదు. బతికి పెద్దదై తిరిగొచ్చిన దాని కండలో ఆ మందు ఆనవాలే ఉండదు. పెద్ద పులసని ఎన్నిసార్లు కోసినా ఇది బయటపడదు. కానీ పులస అంటేనే జనం వింటారు. ఉత్తి కాలువ అంటే ఎవరూ తల తిప్పరు. అందుకే ఆ కాగితాన్ని నేనూ నలుగురికి పంపాను.

వలతాడు
మీరూ పంపారా! జనం వినాలని మా కూడు తాకట్టు పెట్టారన్నమాట. పిల్లల గురించి మీరన్నది నిజం, రేవులో ఎవరిని అడిగినా అదే చెప్తారు. మరి ఆ మాటే ముందు రాయాల్సింది.

లంకపొలం
నాట్ల మాట వచ్చింది కనుక చెప్తున్నాను. కలుపు మందు చల్లాక రెండు మూడు రోజులు మడిలో నీరు పలచగా కట్టి ఉంచాలి, నీరు బయటికి పోయే బోదె తీయకూడదు. తీస్తే కలుపూ చావదు. వాన పడి పొంగితే చేసేదేమీ లేదు. నీరు వంతుల మీద వచ్చేచోట పక్క మడి నుంచి పారుతుంది, అక్కడే ఈ కట్టుబాటు తప్పుతుంది. చేపల, రొయ్యల చెరువుల సంగతి కూడా ఎత్తండి. పట్టుబడి రోజున చెరువు నీరంతా అడుగు బురదతో సహా ఒక్క రాత్రిలో కాలువలోకి తోసేస్తారు. దాంట్లో మైలతుత్తం, బ్లీచింగ్ అన్నీ ఉంటాయి. బురద కుళ్లితే నీటిలో ప్రాణవాయువు లీటరుకి రెండు మిల్లీగ్రాముల కిందకి పోతుంది. అప్పుడు మందే అక్కర్లేదు, ఊపిరాడక చస్తాయి.

నమూనాబల్ల
అలాగైతే నమూనాలు వేరే తీయాలి. వలస చేప మంచి సాక్షి కాదు. కదలకుండా ఉండేవాటిని తీయాలి: పాయ సముద్రంలో కలిసే మొగల దగ్గర గుల్లలు, మడ అడవుల్లో పీతలు, కాలువ కలిసేచోట పైపొర ఒండ్రు. కాలువ పాయలో కలిసే చోటికి ఎగువన ఒకటి, దిగువన రెండు తావులు. పోటు నీటిలో తీస్తే సముద్రం నీరు కలిసి పలచబడుతుంది, నీరు వెనక్కి తగ్గే పాటు చివరన తీయాలి. చెరువు పట్టిన రాత్రి ప్రాణవాయువు తెల్లారకముందే చూడాలి, ఎండెక్కితే నాచు మళ్లీ నింపేస్తుంది. ప్రతి అంకె పక్కనా తడి బరువో ఎండు బరువో రాయాలి.

వలతాడు
సంక్రాంతి లోపు అయితే నావ మేం పెడతాం. పాటు వేళలు మాకు తెలుసు. కాగితం మీద మాత్రం కాలువ పేరు ఉండాలి, పులస పేరు వద్దు.

మడగాలి
పిల్లలు ఆ కాలువ మొగలోనే చచ్చి తేలితే? అప్పుడూ పులస పేరు వద్దంటారా?

వలతాడు
పిల్లలని రాయండి. తినే చేప అని రాయొద్దు.