జర్మన్‌లో ‘లేజెన్ విల్’, డచ్‌లో ‘విల్ లేజెన్’ ఎందుకు?

ప్రశ్న: హైదరాబాద్‌లో జర్మన్ బి1 (మధ్యస్థ స్థాయి) దాకా నేర్చుకున్నాను. ఉద్యోగమేమో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో వచ్చింది. డచ్ హోంవర్క్‌లో ‘పుస్తకం చదవాలని ఉంది కాబట్టి’ అనడానికి ‘ఒమ్‌దత్ ఇక్ హెత్ బూక్ లేజెన్ విల్’ అని రాశాను. టీచర్ చివరి రెండు మాటల మీద ఎర్ర బాణం గీసి తారుమారు చేశారు. కింద ‘చదివాను కాబట్టి’ అనడానికి చివర ‘ఖెలేజెన్ హెప్’ అని రాస్తే మాత్రం దిద్దలేదు. వచ్చే వారం పరీక్ష, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్తారా?

జవాబు: తమ్ముడూ, నేనూ జర్మన్ నుంచే డచ్‌కి వచ్చాను. కంగారు పడకు. ప్రధాన వాక్యంలో రెండు భాషలదీ ఒకే పద్ధతి, క్రియ రెండో స్థానంలో ఉంటుంది. ‘కాబట్టి’ లాంటి మాటతో ముడిపడే ఉపవాక్యం చివర క్రియలు పోగయ్యే చోటే తేడా వస్తుంది.

‘చదవాలని ఉంది’ అన్నప్పుడు మనం అసలు పని ముందు చెప్పి, ‘ఉంది’ని తర్వాత తగిలిస్తాం. జర్మన్ ‘లేజెన్ విల్’ కూడా అంతే: ‘లేజెన్’ అంటే చదవడం, ‘విల్’ అంటే చేయాలని ఉండటం. అందుకే అది నీకు సులువుగా పట్టుబడింది. డచ్‌లో ‘విల్’ ముందుకొచ్చి ‘లేజెన్’ చివరికి పోతుంది. నువ్వు రాసిన వరస కూడా వ్యాకరణానికి పూర్తిగా విరుద్ధం కాదు, కానీ మామూలుగా అలా అనరు. టీచర్ దిద్దడం మంచిదే.

ఇక ‘ఖెలేజెన్ హెప్’ అన్నా ‘హెప్ ఖెలేజెన్’ అన్నా డచ్‌లో రెండూ ఒప్పే. మొదటిదాన్ని ఆకుపచ్చ వరస అనీ, రెండోదాన్ని ఎర్ర వరస అనీ అంటారు. 1953లో వచ్చిన మాండలిక పటాల్లోని రంగుల నుంచి వచ్చిన పేర్లివి. జర్మన్‌లో ‘గెలేజెన్ హాబె’ ఒక్కటే.

ప్రశ్న: థాంక్స్ అక్కా. మరి ‘చదవలేకపోయాను కాబట్టి’ అనాలంటే? మూడు క్రియలు వస్తాయి కదా.

జవాబు: అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడే. డచ్‌లో ‘ఒమ్‌దత్ ఇక్ హెత్ బూక్ నీత్ హెప్ కున్నెన్ లేజెన్’. ఇక్కడ వరస మార్చడానికి వీల్లేదు. ‘కున్నెన్’ (చేయగలగడం) బదులు దాని గతరూపం ‘ఖెకుంట్’ అని కూడా రాయకూడదు. జర్మన్‌లో ‘హాబె లేజెన్ క్యోనెన్’. గమనించావా, జర్మన్ కూడా ఇక్కడ ‘హాబె’ని ముందుకు లాగింది. మిగతా రెండూ మాత్రం మన ‘చదవలేక’ వరసలోనే ఉన్నాయి. రెండు భాషలనీ పక్కపక్కన కాగితం మీద రాసి చూడు, నాకు ఇది అలాగే బుర్రకెక్కింది.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైనది. డచ్‌లో ‘ఇక్ జిత్ తె లేజెన్’ అంటే అచ్చం మన ‘చదువుతూ కూర్చున్నాను’ లాంటిదే. జర్మన్‌లో ఇలాంటి ప్రయోగం లేదు. గతంలోకి తెస్తే ‘ఇక్ హెప్ జితెన్ లేజెన్’, ‘తె’ని మామూలుగా వదిలేస్తారు. ఇది జర్మన్ నుంచి తర్జుమా చేస్తే రాదు, తెలుగు నుంచే రావాలి.

ప్రశ్న: ఇప్పుడే ఒకటి రాశాను, చూస్తారా? రాత్రి నిద్ర పట్టలేదు కాబట్టి అనడానికి: ‘ఒమ్‌దత్ ఇక్ ఖిస్టెరెన్ నీత్ హెప్ కున్నెన్ స్లాపెన్’.

జవాబు: వరస చక్కగా కుదిరింది. ఒక్క మాట మార్చు. ‘ఖిస్టెరెన్’ అంటే నిన్న. నువ్వు చెప్పేది గడిచిన రాత్రి గురించి కాబట్టి ‘వన్నఖ్త్’ అని పెట్టు.