సహజంగా పెరిగిన క్యూబ్ స్ఫటికాలు: అసలైనదని ఎలా గుర్తుపడుతున్నారు, ఎలా దాచుకుంటున్నారు?

తొంభైడిగ్రీలు:
అందరికీ నమస్తే. నేను కనిపించిన రాయల్లా పోగేయను, ఒక్క క్యూబ్‌లే, అవి కూడా మనిషి చెయ్యి పడకుండా భూమిలో అలాగే పెరిగినవే. ప్రస్తుతానికి పైరైట్, ఫ్లోరైట్, గెలీనా అనే ఖనిజాలవి ఉన్నాయి, రాతి ఉప్పు స్ఫటికం ఒకటి దారిలో ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు పైరైట్ చూడగానే "ఇది మెషీన్ మీద కోసిందే" అని తేల్చేస్తారు, కాదంటే ఒప్పుకోరు, అంచులు అంత సూటిగా ఉంటాయి మరి. అందుకే అడుగుతున్నా, సహజమైన క్యూబ్‌కీ, కోసినదానికీ, పగలగొట్టినదానికీ, అతికించినదానికీ తేడా మీరెలా పట్టుకుంటారు? పాడవకుండా ఎలా దాస్తారు? ఏ ఖనిజం గురించైనా పర్లేదు, చిన్న విషయమైనా సరే రాయండి.

పాతడబ్బా:
పైరైట్‌తోనే మొదలుపెడదాం. ముఖాల మీద సన్నటి సమాంతర గీతలు ఉన్నాయేమో చూడండి. ఉంటే క్యూబ్‌ని ఒక మూల మీ కంటికి ఎదురుగా వచ్చేలా పట్టుకోండి, మూడు ముఖాలు కనిపిస్తాయి కదా, ఒక్కో ముఖం మీద గీతలు ఒక్కో దిక్కుకి పోతుంటాయి, ఏ రెండు పక్కపక్క ముఖాలు తీసుకున్నా ఒకదాని గీతలు ఇంకోదానికి లంబంగా ఉంటాయి. ఇప్పుడు ఆ మూలని అలాగే ఉంచి క్యూబ్‌ని 120 డిగ్రీలు తిప్పండి, అచ్చం అదే బొమ్మ మళ్ళీ వస్తుంది. అదే ఒక ముఖాన్ని ఎదురుగా పెట్టుకుని 90 డిగ్రీలు తిప్పితే మాత్రం నిలువు గీతలు కాస్తా అడ్డం అయిపోతాయి. అంటే బయటికి క్యూబే గానీ లోపల ఇనుము, గంధకం అమరికకి పూర్తి క్యూబ్‌కి ఉండాల్సినంత సౌష్టవం లేదన్నమాట. పెరిగేటప్పుడు క్యూబ్ ముఖం కాసేపు, పైరిటోహెడ్రన్ (పన్నెండు ఐదుకోణాల ముఖాలుండే ఆకారం) ముఖం కాసేపు వంతులేసుకుని పెరగడం వల్ల పడే మెట్లే ఆ గీతలు. మెషీన్ మీద కోసినవాడు ఈ గీతలు పెట్టలేడు, పెట్టినా ఆరు ముఖాల మీదా ఈ లెక్క తప్పకుండా పెట్టడం అయ్యే పని కాదు. ఇంటికొచ్చేవాళ్ళకి ఒక భూతద్దం ఇచ్చి ఇది చూపించండి చాలు.

క్యూబ్_ప్రియ:
పాతడబ్బా గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. దానికి ఒకటి కలుపుతా. అందరి దగ్గరా ఉండే ఆ అద్దంలాంటి పెద్ద పైరైట్ క్యూబ్‌లు ఎక్కువగా స్పెయిన్‌లో లా రియోహా ప్రాంతంలోని నవాహూన్ గని నుంచి వస్తాయి, అక్కడ మార్ల్ అనే మెత్తటి, సున్నం కలిసిన బంకమట్టి రాయిలో పుడతాయి. రాయి మెత్తన, స్ఫటికం గట్టిది, సో తవ్వేటప్పుడే చాలా క్యూబ్‌లు ఊడిపోతాయి, ఊడినవాటిని మళ్ళీ అదే గుంటలో అతికించి అమ్ముతారు. చెప్పి అమ్మితే అందులో తప్పేం లేదండి, రిపేర్ అని లేబుల్ మీద రాస్తే నేను సంతోషంగా కొంటా. చెప్పకుండా వేరే రాయిలో వేరే క్యూబ్ అతికించి అమ్మేవాళ్ళతోనే గొడవ. ఒకసారి ఒక అమ్మకందారు దగ్గర రాయి మీద మూడు క్యూబ్‌లున్న ముక్క చూశా, అందులో ఒకదాని చుట్టూ రాతి పొడి జిగురుతో కలిపి మెత్తినట్టు నున్నగా ఉంది, మిగతా రెండిటి చుట్టూ రాయి గరుగ్గా సహజంగా ఉంది. యూవీ టార్చ్ వేస్తే ఆ ఒక్కదాని చుట్టూ నీలంగా వెలిగింది, చాలా జిగుర్లు అలా వెలుగుతాయి. అన్నీ వెలగవు, కాబట్టి వెలగలేదని నమ్మేయకూడదు, క్యూబ్ కూర్చున్న గుంట అంచులు కూడా చూడాలి, స్ఫటికం అంచుకీ రాయికీ మధ్య వెంట్రుక దూరనంత దగ్గరగా ఉంటే అది అక్కడే పుట్టిందని నమ్మొచ్చు.

తొంభైడిగ్రీలు:
పాతడబ్బా గారూ, ఇప్పుడే మూల టెస్ట్ చేశా, నా చిన్న ముక్క మీద మీరు చెప్పినట్టే తిరిగాయి గీతలు, అద్భుతంగా ఉంది!! కానీ పెద్దది నవాహూన్‌దే, దాని మీద గీతలు దాదాపు లేవు, నున్నగా ఉంది. అది డౌటా?

పాతడబ్బా:
అస్సలు డౌట్ కాదు, అక్కడివి చాలావరకు నున్నగానే ఉంటాయి. నునుపుని బట్టి తేల్చకూడదు. లైట్ పక్కనుంచి పడేలా పెట్టి ఏటవాలుగా చూడండి, పల్చటి మెట్లు, పక్కన ఇంకో క్యూబ్ ఆనుకుని పెరిగిన చోట చతురస్రపు లొట్ట, చిన్న క్యూబ్ పెద్దదాంట్లోకి చొచ్చుకుపోయిన గుర్తు, ఇలాంటివి ఏదో ఒకటి దొరుకుతుంది. సానపట్టినదైతే భూతద్దంలో ముఖమంతా ఒకే రకం సన్న గీరలు స్ఫటికం దిక్కుతో సంబంధం లేకుండా కనిపిస్తాయి, అంచులు కూడా కాస్త మొద్దుబారి ఉంటాయి.

రాతిగూడు:
గెలీనా గురించి ఎవరూ రాయలేదు, నాకు అదే ప్రాణం. గెలీనాతో సమస్య ఏంటంటే సుత్తితో కొడితే అది తనంతట తనే క్యూబ్‌లుగా విరుగుతుంది, మూడు దిక్కుల్లో 90 డిగ్రీలకి చీలిపోయే గుణం దానిది. అందుకే "గెలీనా క్యూబ్" అని అమ్మేవాటిలో బోలెడు పగలగొట్టిన ముక్కలే. తేడా ఎలాగంటే, చీలిన ముఖం కొత్త అద్దంలా తళతళలాడుతుంది, దాని మీద చిన్న చిన్న మెట్లు సూటిగా ఉంటాయి. పెరిగిన ముఖం బూడిద రంగుకి తిరిగి మసకగా ఉంటుంది, మూలలు తరచూ త్రికోణంగా కోసుకుపోయి ఉంటాయి, అవి అష్టముఖి (ఎనిమిది త్రికోణ ముఖాలుండే ఆకారం) ముఖాలు. నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది మాత్రం ముఖం మీద కూర్చున్న వేరే ఖనిజాన్ని. ఒక చిన్న కాల్సైటో క్వార్ట్జ్ మొనో గెలీనా ముఖం మీద పెరిగి ఉంటే ఆ ముఖం గనిలో ఉన్నప్పుడే బయటికి తెరుచుకుని ఉన్నట్టు, సుత్తి దెబ్బకి పుట్టింది కాదు. అమ్మేటప్పుడు ఆ చిన్న కాల్సైట్‌ని "మచ్చ" అని గీకేసేవాళ్ళని చూస్తే మనసు చివుక్కుమంటుంది, స్ఫటికం పుట్టుకకి అదే సాక్ష్యం కదా.
ఇంకోటి, ఇది సీసం ఖనిజం, బరువులో 86 శాతం పైగా సీసమే. పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకి అందేచోట పెట్టొద్దు, పొడి రాలేలా గీకొద్దు.

శైలు_ఫ్లోరైట్:
ఫ్లోరైట్ దీనికి పూర్తిగా రివర్స్ అండి. పెరిగేది క్యూబ్‌లుగా, విరిగేది మాత్రం నాలుగు దిక్కుల్లో అష్టముఖిగా. సో ఫ్లోరైట్ క్యూబ్‌ని పగలగొట్టి క్యూబ్ చేయలేరు, ఆ విషయంలో హాయి. కానీ మూలలు చాలా సున్నితం, కొంచెం తగిలితే మూల ఎగిరిపోయి అక్కడ గాజులా మెరిసే త్రికోణం మిగులుతుంది. అదే సహజంగా పెరిగిన త్రికోణమైతే ఎక్కువసార్లు గరుగ్గా, మసకగా ఉంటుంది. ఫోటోలో చూసి కొనేటప్పుడు ఎనిమిది మూలలూ కనిపించేలా ఫోటోలు అడగండి, మొహమాటం వద్దు.
నాకు ఫ్లోరైట్‌లో పిచ్చి ఇష్టమైంది జంట స్ఫటికాలు. రెండు క్యూబ్‌లు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోయి, ఒక మూల నుంచి ఎదురు మూలకి లోపలగా పోయే కర్ణాన్ని రెండూ పంచుకుని, ఒకటి ఇంకోదానికన్నా 60 డిగ్రీలు తిరిగి ఉంటుంది. ముఖం మధ్యలోంచి రెండో క్యూబ్ మూల చిన్న గూడులా పైకి లేచి ఉంటే అదే. ఇంగ్లండ్ ఉత్తరాన వియర్‌డేల్‌లో రోజర్లీ గని నుంచి వచ్చిన ఆకుపచ్చ ఫ్లోరైట్‌లలో ఈ జంటలు బాగా ఉంటాయి, పైగా గదిలో ఆకుపచ్చగా ఉన్నది ఎండలోకి తీసుకెళ్తే నీలంగా వెలుగుతుంది, ఎండలోని యూవీ చాలు దానికి. 1852లో భౌతిక శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ ఈ వెలుగుకి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టింది ఫ్లోరైట్‌ని బట్టే. అయితే ఎండలో చూసి వెంటనే లోపల పెట్టేయండి, చాలా ఫ్లోరైట్‌ల రంగు ఎండకి వెలిసిపోతుంది, కిటికీ పక్క అల్మరాలో అస్సలు వద్దు.
కడగాలంటే గది వేడిమిలో ఉన్న నీళ్ళు, మెత్తటి బ్రష్, అంతే. వేడినీళ్ళ కింద పెడితే లోపల చీలికలొస్తాయి. సల్ఫ్యూరిక్ యాసిడ్ దగ్గరికి కూడా తేవద్దు, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పుడుతుంది, అది ప్రాణాంతకం.

కొత్తరాయి_22:
నేను ఈ హాబీకి కొత్త, తప్పుగా అనుకోకండి. నా పైరైట్ ఒకటి క్యూబ్‌లా లేదు, ఇటుకలా సాగి ఉంది, ఒక వైపు పొడుగు ఇంకోవైపు పొట్టి. ఇది మీ లెక్కలో క్యూబ్ కిందికి వస్తుందా లేక పక్కన పెట్టేయాలా?

తొంభైడిగ్రీలు:
పక్కన పెట్టొద్దు తమ్ముడూ! కోణం చూడాలి, పొడుగు కాదు. 1669లో డెన్మార్క్ శాస్త్రవేత్త నికోలస్ స్టెనో చెప్పింది ఇదే, ఒక ఖనిజం స్ఫటికాలు ఎంత వంకరగా సాగినా అవే ముఖాల మధ్య కోణం మాత్రం మారదు అని. మీ ఇటుకలో అన్ని మూలలూ 90 ఉంటే అది క్యూబ్ ముఖాలతో పెరిగిందే, ఒక దిక్కున ఎక్కువ పదార్థం అందింది, లేదా ఒక వైపు అడ్డం తగిలింది, అంతే. రాగి ఖనిజం క్యుప్రైట్‌లో ఐతే క్యూబ్ ఒకే దిక్కున సాగిసాగి ఎర్రటి వెంట్రుకలంత సన్నగా అయిపోతుంది, దాన్ని చాల్కోట్రికైట్ అంటారు, అది కూడా లెక్కకి క్యూబ్ కుటుంబమే. నిజం చెప్పాలంటే నాకు సరిసమానమైన క్యూబ్ కన్నా సాగినదే ఎక్కువ నచ్చుతుంది, అది పుట్టిన చోటు ఎలా ఉండేదో దాని ఒంటి మీద రాసి ఉంటుంది.

ఉప్పుగల్లు:
తొంభైడిగ్రీలు గారూ, మీ రాతి ఉప్పు వచ్చేలోపు ఇవి చదవండి. హాలైట్‌కి, అంటే ఈ రాతి ఉప్పుకి, నీళ్ళు తగలకూడదని అందరికీ తెలుసు, గాలిలో తేమ గురించే మర్చిపోతారు. తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు గాలిలోంచే నీళ్ళు లాక్కుని కరగడం మొదలుపెడుతుంది, ముందు అంచులు గుండ్రమవుతాయి, తర్వాత ముఖం జిడ్డుగా మెరుస్తుంది, ఆ మెరుపు చూసి బాగుంది అనుకోవద్దు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్ పొట్లాలు, రంగు మారే రకం ఐతే ఎప్పుడు ఆరబెట్టాలో తెలుస్తుంది. వట్టి చేతుల్తో పట్టుకోవద్దు, చెమట చాలు ముఖం మీద వేలిముద్ర శాశ్వతంగా పడిపోడానికి. దుమ్ము పడితే పొడి బ్రష్, మురికి గట్టిగా ఉంటే ఉప్పు ఇంక కరగనంత కలిపిన నీళ్ళలో ఒకసారి ముంచి తీసి వెంటనే మెత్తటి గుడ్డతో అద్దేయాలి, ఆరనిస్తే పైన తెల్లటి పొర కడుతుంది.
రంగు ఉన్నవాటి గురించి ఒక ముక్క. కాలిఫోర్నియాలో సర్ల్స్ లేక్ నుంచి వచ్చే గులాబీ హాలైట్‌కి ఆ రంగు ఉప్పునీళ్ళలో బతికే సూక్ష్మజీవుల వల్ల వచ్చింది, వెలుతురులో పెడితే పాలిపోతుంది. నీలం హాలైట్ కథ వేరు, రేడియేషన్ వల్ల స్ఫటికం అమరికలో పడిన లోపాల వల్ల ఆ నీలం, అందుకే దాని ముక్క నీళ్ళలో కరిగిస్తే నీళ్ళకి ఏ రంగూ రాదు. రంగు పూసినదేమో అని అనుమానం వస్తే రాలిన చిన్న పలుకుతో ఇది చేసి చూడొచ్చు. ముఖాల మధ్యలో మెట్లుమెట్లుగా గుంటపడి ఉన్నవి దొరికితే వదలకండి, అంచులు త్వరగా పెరిగి మధ్య వెనకబడితే అలా అవుతుంది, హాపర్ స్ఫటికాలు అంటారు.

క్యూబ్_ప్రియ:
తేమ అంటే గుర్తొచ్చింది, పైరైట్ రోగం గురించి రాయకపోతే ఎలా. అన్ని పైరైట్లకీ రాదు, నవాహూన్ లాంటి గట్టి స్ఫటికాలు మామూలుగా బాగానే నిలుస్తాయి, సన్న రేణువులతో ఉన్నవీ, మార్కసైట్ (అవే ఇనుము, గంధకం, అమరిక వేరు) కలిసినవీ ప్రమాదం. తేమ, ఆక్సిజన్ కలిసి సల్ఫైడ్‌ని ఇనుప సల్ఫేట్‌గా, సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మార్చేస్తాయి. మొదట పగుళ్ళలో తెల్లగానో లేత పసుపుగానో పొడి కనిపిస్తుంది, డబ్బా తెరవగానే ఘాటు గంధకం వాసన, కింద ఉన్న లేబుల్ కాగితం గోధుమ రంగుకి మారి పెళుసెక్కి ముట్టుకుంటే విరిగిపోతుంది. కాగితం కాలిందంటే పక్కన కాల్సైట్ ఉంటే దాన్నీ తినేస్తుంది. అలాంటి ముక్కని వెంటనే వేరు చేసి పొడి బ్రష్‌తో దులిపి, బాగా పొడిగా ఉన్న డబ్బాలో విడిగా పెట్టండి. కొందరు వార్నిష్ పూస్తారు, దయచేసి వద్దు, లోపల జరిగేది ఆగదు, స్ఫటికం సహజమైన మెరుపు మాత్రం పోతుంది. తేమ 60 శాతం దాటితే ఇది జోరందుకుంటుంది, కాబట్టి తేమ మీటర్ ఒకటి అల్మరాలో ఉంచండి.

రాతిగూడు:
క్యూబ్‌లా కనిపించి క్యూబ్ కానివాటి గురించి కూడా రాయాలి, ఎందుకంటే వాటిని "తెల్ల క్యూబ్" అని అమ్మేస్తుంటారు. నా దగ్గరుండే పరికరం ఒక పోస్టుకార్డు. కార్డు మూలని స్ఫటికం అంచుకి ఆనించి వెలుతురుకి పట్టుకుంటే 90 అవునో కాదో ఇట్టే తెలుస్తుంది. కాల్సైట్ పలక ఐతే 75, 105 డిగ్రీల కోణాలు, వెంటనే దొరికిపోతుంది. చాబజైట్ మాత్రం కన్నుని మోసం చేస్తుంది, దాని కోణం 90కి కొన్ని డిగ్రీలే తేడా, జాగ్రత్తగా చూడాలి. మహారాష్ట్ర బసాల్ట్ క్వారీల అపోఫిలైట్ కొన్ని అచ్చం క్యూబ్‌లే, 90 డిగ్రీలు కూడా సరిపోతాయి, కానీ అది చతురస్ర పట్టకం (అడుగు చతురస్రమే, ఎత్తు దిక్కు మాత్రం వేరు రకం), ఒక జత ముఖాలు ముత్యంలా మెరిసి, పక్క ముఖాలు గాజులా ఉండి వాటి మీద నిలువు గీతలుంటాయి. క్యూబ్ ఐతే ఆరు ముఖాలూ ఒకే రకం మెరుపు ఉండాలి.
తూకం కూడా వాడండి. 3 సెంటీమీటర్ల పక్కా క్యూబ్ అనుకుంటే హాలైట్ 58 గ్రాముల దాకా, ఫ్లోరైట్ 86, పైరైట్ 135, గెలీనా 200 దాటుతుంది. ఇంత తేడా ఉంటే ఏది ఏదో చేతికే తెలిసిపోతుంది.

శైలు_ఫ్లోరైట్:
రాతిగూడు గారూ, బోరసైట్ కూడా కలపండి. బయటికి చక్కటి క్యూబ్, కానీ అది 265 డిగ్రీల పైన వేడిలో మాత్రమే లోపల కూడా క్యూబ్, చల్లబడ్డాక అమరిక మారిపోయి బయటి ఆకారం అలాగే నిలబడిపోయింది. నేనైతే దాన్ని క్యూబ్‌ల అరలోనే పెట్టా.

కొత్తరాయి_22:
చాలా థాంక్స్ అందరికీ, ఇటుకని మళ్ళీ పెట్టేశా. లాస్ట్ డౌట్. ఒకాయన దగ్గర క్యూబ్ ఉంది, గీతలన్నీ పైరైట్ లాగే ఉన్నాయి, కానీ మెరుపు లేదు, మొత్తం ముదురు గోధుమ రంగు. పైరైట్ రోగమా? కొనొచ్చా?

పాతడబ్బా:
రోగం కాదు, నిక్షేపంగా కొనండి. అది పైరైట్ మెల్లగా గోథైట్‌గా (తుప్పులో ఉండే ఇనుప ఖనిజం) మారిన స్ఫటికం, పదార్థం మారిపోయి ఆకారం, గీతలు అలాగే మిగిలాయి. కనిపించని మూలని మెరుపు పూత లేని పింగాణీ మీద గీసి చూస్తే పసుపు కలిసిన గోధుమ గీత రావాలి, పైరైట్ ఐతే ఆకుపచ్చ కలిసిన నల్ల గీత వస్తుంది. కొన్నిటికి మధ్యలో మారని పైరైట్ ఇంకా ఉంటుంది, అందుకని వీటిని కూడా పొడిగానే దాచండి. లేబుల్ మీద "పైరైట్ ఆకారంలో గోథైట్" అని, దొరికిన చోటు పేరుతో సహా రాయించుకునే కొనండి, చోటు ఆయన ఇప్పుడు చెప్పకపోతే తర్వాత ఎవరూ చెప్పలేరు.